వేషం పేరు, మనిషి పేరు

సామర్లకోట జంక్షనులో దిగేసరికి కాకినాడ బండికి ఇంకా రెండు గంటల వ్యవధి ఉందన్నారు. ఆ కాస్త వేళా భీమేశ్వరస్వామికి సమర్పించుకుందామని నేనూ, మా అమ్మాయీ ఆటో ఎక్కాం.

పంచారామాలలో ఇది కుమారారామం. తూర్పు చాళుక్యుల వాడైన చాళుక్య భీముడు కట్టించాడు. 892లో ఆరంభమై 922 నాటికి పూర్తయిందంటారు. సున్నపురాతి శివలింగం ఎత్తు 14 అడుగులు. కింది అంతస్తులో మొదలై, కప్పును దాటి పై అంతస్తులోకి వస్తుంది. కింద దణ్ణం పెట్టుకున్నా, మెట్లెక్కితే గాని దర్శనం పూర్తి కాదు.

వెలుపలి గోడలకు పెద్ద అలంకారం లేదు. సొగసంతా లోపలి స్తంభాల మీదే దాచిపెట్టారు. అక్కడి అప్సరలలో ఒకామె ముందు మా అమ్మాయి ఆగిపోయింది.

“ఈవిడెవరు నాన్నా?”

“రంభో, ఊర్వశో అయి ఉంటుందమ్మా.”

“అది వేషం పేరు కదా! ఆ వేషం వేసినావిడ పేరేమిటి?”

ఇరవై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్న నాకు నోట మాట రాలేదు. శిల్పి కళ్ళలో ఎవరో ఒక నర్తకి మెదిలే ఉంటుంది కాబోలు. ఆమె రూపం దేవకాంతగా నిలిచింది. పేరు మాత్రం రాలిపోయింది.

ఇంగ్లండులో సారా సిడన్స్ అనే గొప్ప నటి ఉండేది. రేనాల్డ్స్ అనే చిత్రకారుడు 1784లో ఆమెను విషాద నాటకాల అధిదేవతగా సింహాసనం మీద కూర్చోబెట్టి చిత్రించాడు. 1787లో హేవర్డ్ ఆ బొమ్మను రేకు మీద చెక్కి అచ్చువేశాడు. దేవత వేషంలో ఊరూరా తిరిగినా, ఆమె పేరు చెక్కుచెదరలేదు.

అంత దూరం దేనికి? పక్కనున్న పెద్దాపురంలో పుట్టి, కాకినాడ నాటకరంగం మీద పేరు తెచ్చుకున్న అంజలీదేవి 1963లో ‘లవకుశ’ చిత్రంలో సీత అయింది. సీతమ్మగా తలచి చేతులు జోడించినవారికి కూడా ఆవిడ అంజలీదేవి అని తెలుసు.

మరి ఈ రాతి అమ్మాయి?

అప్పుడు గుర్తొచ్చింది, అత్తిలి శాసనం. సంగీతంలో దిట్ట అయిన చల్లవ్వ అనే ఆవిడకు ఇదే చాళుక్య భీముడు అత్తిలిలో భూమి దానం చేశాడు. ఆవిడ పేరు రాగిరేకు మీద మిగిలింది. ముఖం ఎలా ఉండేదో మనకు దక్కలేదు. ఇక్కడేమో ముఖాలున్నాయి, పేర్లు లేవు.

ఈ మాట చెప్పగానే మా అమ్మాయి క్షణం ఆలోచించింది.

“అయితే ఈవిణ్ణి చల్లవ్వ అనుకుందాం నాన్నా!”

చరిత్ర ఒప్పుకోదు. అయినా నేను కాదనలేదు. బండికి వేళవుతోందని బయలుదేరుతుంటే, అమ్మాయి వెనక్కి తిరిగి స్తంభం వైపు చెయ్యి ఊపింది.

“వెళ్ళొస్తాం, చల్లవ్వగారూ!”