నాలుగంగుళాల జాగా

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దల కాలంలో వీడియో కెమెరాలు లేవు. వుంటే, "ఆ పెళ్ళికి ఫోకస్ పట్టి చూడు" అని మూడోది కూడా చేర్చి వుండేవారు.

మీ ఇంట్లో ఏదో ఒక పెళ్ళి వీడియో వుండకపోదు. ఒకసారి పెట్టి చూడండి. తల వంచుకు కూర్చున్న పెళ్ళికూతురు ఎంతో ముద్దుగా కనిపిస్తుంది. ఆ పిల్ల తలెత్తి కాస్త ముందుకు వంగేసరికి ముఖం మసకబారుతుంది. వెనక అరటిబోదె మీది చారలు మాత్రం లెక్క పెట్టుకునేటంత స్పష్టంగా వుంటాయి. మనం అక్షింతలు వేసింది అరటిబోదెకు కాదు గదా!

సినిమా యూనిట్లలో ఈ ఒక్క పనికే ఒక మనిషి వుంటాడు. ఫోకస్ పుల్లరు అంటారు. కెమెరాలో కన్ను పెట్టేవాడు వేరు, ఇతను వేరు. నటుడు గుమ్మం దగ్గర నుంచి కుర్చీదాకా నడవాలంటే, ఆ దూరాలు ముందే టేపుతో కొలిచి, ఒక తెల్లటి చక్రం మీద పెన్సిలుతో గుర్తులు పెట్టుకుని, నటుడి అడుగు ననుసరించి చక్రం తిప్పుతాడు. చక్రానికున్న పళ్ళు లెన్సుకున్న పళ్ళను తిప్పుతాయి. ఆ సాధనం పేరు ఫాలో ఫోకస్. 2008లో కానన్ వారి ఫైవ్ డీ మార్క్ టూ అనే ఫోటో కెమెరా, పెద్ద సెన్సరుతో పూర్తి హెచ్.డి. వీడియో కూడా తీయడంతో, సినిమావాళ్ళ తలనొప్పి సంసారుల ఇళ్ళల్లోకి దిగింది.

మా ఇంట్లోకి అది మా తమ్ముడి కొడుకు ద్వారా వచ్చింది. వాడు పెళ్ళి వీడియోలు తీసేవారి వెంట సహాయకుడుగా తిరుగుతాడు. సెకండ్ హ్యాండ్‌లో ఒక కెమెరా కొనుక్కున్నాడు. వాడు తీయదలచింది ఎవరి పెళ్ళీ కాదు. వాళ్ళ నాయనమ్మని, అంటే మా అమ్మని.

అమ్మకు 86 ఏళ్ళు. నలుగుపాటలు, లాలిపాటలు, అలకపాటలు, అప్పగింతల పాటలు మొత్తం 18 వచ్చు. అన్నీ వాళ్ళ మేనత్త దగ్గర నోటితో నేర్చుకున్నవే. కాగితం మీద ఒక్కటీ లేదు. పోయిన సంక్రాంతికి ఒక పాట పాడుతూ మధ్యలో ఆగిపోయింది. తరవాతి చరణం కోసం చాలాసేపు దూలాలకేసి చూసింది. దొరకలేదు. వంటింట్లోకి వెళ్ళి పప్పు దింపి వచ్చాక దొరికింది. అందరూ నవ్వారు. మావాడు మాత్రం నవ్వలేదు. "పెదనాన్నా, ఇంక ఆలస్యం చెయ్యకూడదు" అన్నాడు.

గొంతు ఒక్కటీ రికార్డు చేస్తే చాలదా అంటే చాలదు. ఆవిడ పాట సగం చేతుల్లోనే వుంటుంది. తాళం వేస్తుంది, పసుపు నూరినట్టు అభినయిస్తుంది, ముందుకీ వెనక్కీ వూగుతుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. ఇప్పటి కొత్త కెమెరాలు మనిషి కన్ను గుర్తుపట్టి తమంతట తామే ఫోకస్ పెడతాయి; చాలా బాగానే పెడతాయి. మావాడిది పాతది. అమ్మ చెయ్యెత్తగానే అది చేతిని పట్టుకునేది. చెయ్యి దించాక ముఖం ఎక్కడుందో వెతుక్కునేది.

లెన్సు ద్వారం మూస్తే స్పష్టంగా కనిపించే మేర పెరుగుతుంది, నిజమే. కాని గదికి వున్నది ఒక్క కిటికీ. పెద్ద దీపాలు పెడితే అమ్మ కళ్ళు మూసుకుంటుంది. పైగా వెనక ఫ్రిజ్జు, దాని మీద మందుల డబ్బాలు, మూడేళ్ళనాటి క్యాలెండరు. అవి మసకగా వుండడమే మంచిది. 35 మిల్లీమీటర్ల ఫిలిమంత సెన్సరు వున్న కెమెరాకి 50 మిల్లీమీటర్ల లెన్సు తగిలించి, ద్వారం 1.8కి తెరిచి, అయిదడుగుల దూరంలో మనిషిని కూర్చోబెడితే, స్పష్టంగా వుండే జాగా సుమారు నాలుగంగుళాలు. అమ్మ వూగేది జానెడు. మిగతా లెక్క మీరే వేసుకోండి.

"నాయనమ్మా, కదలకుండా పాడతావా?" అని అడిగాడు మావాడు.

"పాడమంటావా, కదలకుండా కూచోమంటావా? ఏదో ఒకటి తేల్చుకోరా" అంది అమ్మ.

అంచేత ఫాలో ఫోకస్ కావలసి వచ్చింది. మావాడు ఒక జాబితా తెచ్చాడు. అందులో మోటారుతో తీగ లేకుండా తిరిగేవి వున్నాయి. ఇత్తడి పళ్ళవి, ప్లాస్టిక్ పళ్ళవి వున్నాయి. నడిమి రకం ఖరీదు వాడి చెల్లెలి కాలేజీ టర్ము ఫీజుకు సరిగ్గా సరిపోతుంది. ఫీజు గడువు ఆ నెలాఖరే. మా తమ్ముడు జాబితా చదివి, మడిచి, ఏమీ అనకుండా బల్ల మీద పెట్టాడు.

నేను 30 ఏళ్ళు ఒక పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. పళ్ళచక్రం మాట వినపడితే వూరుకోలేను. జాబితా పక్కన పెట్టి ముందు లెన్సు తెమ్మన్నాను.

అసలు కిటుకంతా లెన్సులోనే వుంది సుమండీ. దాని ఫోకస్ రింగు తిప్పి చూడండి. రెండు కొసలా టక్కున ఆగితే మంచిదే. ఆగకుండా గానుగెద్దులా తిరుగుతూ పోతే మాత్రం జాగ్రత్త. ఆ రింగు తరచు లోపలి గాజును నేరుగా కదపదు. కెమెరాకి సంకేతం పంపుతుంది, మోటారు కదుపుతుంది. అలాటి చాలా లెన్సుల్లో వేగంగా తిప్పితే ఎక్కువ, నిదానంగా తిప్పితే తక్కువ కదులుతుంది. దాని మీద పెన్సిలు గుర్తు పెట్టడం ప్రవహించే నీటి మీద ముగ్గు వేయడమే. కొన్ని కెమెరాల మెనూలో దీన్ని సరిచేసే ఏర్పాటు వుంటుంది, వుంటే వాడుకోవచ్చు. మావాడి కెమెరాలో లేదు. అలాటి లెన్సుకు ఎంత ఖరీదైన ఫాలో ఫోకస్ తగిలించినా డబ్బు దండుగ.

మావాడు రెండు పెళ్ళిళ్ళ కూలి పెట్టి, సోవియట్ కాలంనాటి హీలియోస్ 44-2 అనే లెన్సు, దాన్ని తన కెమెరాకి తగిలించే లోహపు గొట్టం కొన్నాడు. ఆ లెన్సు 58 మిల్లీమీటర్లది. ద్వారం 2 దాకా తెరుచుకుంటుంది. పూర్తిగా చేతితో నడిచేది. దాన్ని 2.8కి మూస్తే అయిదడుగుల దగ్గర మళ్ళీ నాలుగంగుళాల పైచిలుకు జాగా వస్తుంది.

ఇక తిప్పే సాధనం. మోటారు మెకానిక్కులు రబ్బరు గొట్టాలకు బిగించే హోస్ క్లిప్పు ఒకటి తెచ్చాను. దాని కింద పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి లెన్సు రింగుకు బిగించాను. క్లిప్పుకు నాలుగంగుళాల అల్యూమినియం పట్టీ ఒకటి బోల్టుతో పట్టించాను. అదే పిడి, దాని కొసే ముల్లు. కెమెరా కింద చెక్కకు శుభలేఖ అట్ట ఒకటి నిలబెట్టి, దాని తెల్లటి వెనకవైపున గుర్తులు గీసుకున్నాం. మొత్తం ఖర్చు 180 రూపాయలు దాటలేదు. క్లిప్పు మాత్రం బలంగా బిగించకూడదు; గట్టిగా బిగిస్తే రింగు పట్టేస్తుంది.

పళ్ళు లేవు గనుక ఇందులో లూజు లేదు. చవక రకం ఫాలో ఫోకస్‌లకు వుండే పెద్ద జబ్బు అదే. కొనేవారు లెన్సు రింగును ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో చక్రం అటూ ఇటూ ఆడించి చూడాలి. రింగు కదలకుండానే చక్రం ఆడితే, ఆడినంత మేరా మీ గుర్తులు అబద్ధం చెపుతాయి. పళ్ళ కొలత 0.8 మాడ్యూలు వుందో లేదో అడగండి. వాడుకలో వున్నది అదే. అంటే 80 మిల్లీమీటర్ల చక్రానికి 100 పళ్ళన్నమాట. బిగించే కడ్డీలు మామూలుగా 15 మిల్లీమీటర్ల లావు వుంటాయి.

పిడికి లోటు లేదనను. అది కొద్దిమేరే తిరుగుతుంది. గుమ్మంలోంచి నడిచి వచ్చే పెళ్ళికొడుకును పట్టుకోవాలంటే పళ్ళచక్రమే కావాలి. కూర్చుని పాడే మనిషికి పిడి చాలు.

ఆదివారం పొద్దున్న అమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టాం. వెనక్కి వాలితే ఒక గుర్తు, నిటారుగా వుంటే ఒకటి, ముందుకు వంగితే ఒకటి. మావాడు కెమెరా దగ్గర, నేను పిడి దగ్గర. మొదటి పాటంతా నేను తెరకేసే చూస్తూ తిప్పాను. తెర మీద మసక కనిపించాక తిప్పితే అప్పటికే ఆలస్యమవుతుంది గదా! "తెర వద్దు పెదనాన్నా, నాయనమ్మని చూడు" అన్నాడు వాడు.

చూశాను. అమ్మ ముందుకు వంగేముందు ఎడంచెయ్యి మోకాలి మీద వేసుకుంటుంది. వెనక్కి వాలేముందు చిన్న శ్వాస తీసుకుంటుంది. అది ప్రతి చరణం చివరా కొంచెం పొడుగవుతోంది. ఒకే ఇంట్లో ఇన్నేళ్ళుగా వుంటున్నాం. ఆవిడ పాడుతుండగా అంతసేపు ముఖంలోకి చూసిన సందర్భం నాకు గుర్తు లేదు. చెయ్యి మోకాలి మీద పడగానే పిడి కదిపాను. మావాడు వెనక్కి తిరక్కుండానే తలవూపాడు.

ఇప్పటికి 11 పాటలయ్యాయి. చెల్లెలి ఫీజు గడువులోపలే కట్టారు. వాడికి పెళ్ళి పనులు సొంతంగా వస్తున్నాయి. వచ్చే సీజనుకు అడ్వాన్సు అందగానే పళ్ళచక్రం కొంటానంటున్నాడు. కొనుక్కోనివ్వండి, లూజు చూసి మరీ కొంటాడు.

అప్పగింతల పాటలు రెండూ మాత్రం అమ్మ పాడనంది. పెళ్ళి లేకుండా అవి పాడకూడదట. మావాడి చెల్లెలి చదువు అవడానికి ఇంకా రెండేళ్ళుంది. ఆ రెండూ అప్పటిదాకా ఆగవలసిందే. మిగతా అయిదింటికీ వచ్చే ఆదివారం కూర్చుంటున్నాం.