కువైట్‌లో నైట్ డ్యూటీ, బెంగళూరులో సెమినరీ

కువైట్‌లో శుక్రవారం సెలవు. నగరం మధ్యలో ఉన్న నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ప్రాంగణం ఆ రోజు పొద్దుటి నుంచే నిండిపోతుంది. ఒక హాల్లో అరబిక్, పక్క గదిలో మలయాళం, మెట్లెక్కి వెళితే తమిళం, ఆ పైన కొరియన్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు. గదులు గంటల లెక్కన దొరుకుతాయి. అందుకే ఒక సంఘం ఆఖరి పాట అందుకునేసరికే తర్వాతి సంఘం బైబిళ్లు, డోలక్‌లు చేతబట్టుకుని తలుపు దగ్గరికి చేరుతుంది. ఆ వరుసలో తెలుగువాళ్లూ ఉంటారు.

ఈ చర్చికి పెద్ద చరిత్రే ఉంది. 1889లో అమెరికాలో మొదలైన అరేబియన్ మిషన్ తాలూకు డాక్టర్లు ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో కువైట్ వచ్చి ఆసుపత్రి పెట్టారు. వైద్యంతోపాటు సాగిన ప్రార్థనే క్రమంగా చర్చిగా నిలబడింది. కువైట్ పౌరుడైన ఇమాన్యుయేల్ గరీబ్ 1999లో ఇక్కడ పాస్టరుగా అభిషేకం పొందారు. ఒక అరబ్బు దేశంలో, ఆ దేశస్థుడే పాస్టరుగా ఉన్న చర్చి ఆవరణలో తెలుగు కీర్తన వినపడడం మామూలు విషయం కాదు.

తెలుగు ఆరాధనకు వచ్చేవాళ్లలో ఉమ్మడి కడప, ఉభయ గోదావరి జిల్లాలవాళ్లు ఎక్కువ. డ్రైవర్లు, ఆయిల్ కంపెనీల టెక్నీషియన్లు, ఆరోగ్య మినిస్ట్రీ ఆసుపత్రుల నర్సులు, అరబ్బుల ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. ఇళ్లలో పనిచేసేవాళ్లను మనవాళ్లు కూడా అక్కడి మాటతోనే ఖద్దామాలు అంటారు. సెలవిచ్చి బయటికి పంపే యజమానులున్న ఖద్దామాలు మాత్రమే శుక్రవారం చర్చికి రాగలుగుతారు. వాక్యం చెప్పేవాళ్లలో చాలామంది వారమంతా ఏదో కంపెనీలో ఉద్యోగం చేసేవాళ్లే. పాస్టరు పని కోసమే వీసా మీద వచ్చినవాళ్లు అరుదు.

గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన ఒక నర్సు కథ ఇక్కడే మొదలవుతుంది. బీఎస్సీ నర్సింగ్ చదివి మినిస్ట్రీ ఉద్యోగంలో స్థిరపడిన మనిషి. ఆరాధన అయ్యాక ఆడవాళ్లను కూర్చోబెట్టి బైబిల్ స్టడీ చెప్పేది. ఒక శుక్రవారం ఆదికాండము పదహారో అధ్యాయం వచ్చింది. శారయి దాసి హాగరు, యజమానురాలి బాధ పడలేక గర్భంతో అడవిలోకి పారిపోతుంది. దేవదూత నీటి ఊట దగ్గర ఆమెను పలకరించి, తిరిగి వెళ్లి యజమానురాలికి లోబడి ఉండమంటాడు. అది విని రాజంపేట నుంచి వచ్చిన ఒకామె అడిగింది: "అక్కా, బాధ పెట్టే ఇంటికే మళ్లా పొమ్మని దేవుడే చెప్పినాడే. మేము గూడా అట్లే పోవాల్నా?"

ఆ ప్రశ్న ఊరికే పుట్టలేదు. కువైట్‌లో పని చేసే ఇల్లు వదిలి బయటికి వస్తే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పరారీ కేసు పెట్టవచ్చు. ఇఖామా, అంటే నివాస అనుమతి, పోతుంది. దిక్కులేనివాళ్లు భారత రాయబార కార్యాలయం నడిపే ఆశ్రయానికి చేరతారు. అలాంటి భయం మధ్య బతికే మనిషికి ఈ అధ్యాయం పాత కాలపు కథ కాదు. తనకు తోచిన జవాబు చెప్పి పంపేయడం నర్సుకు న్యాయమనిపించలేదు. సరిగ్గా చదవాలనుకుంది. ఎం.డివ్. అనే మాస్టర్ ఆఫ్ డివినిటీ డిగ్రీకి, బెంగళూరులోని ఒక సెమినరీలో, దూరవిద్యలో చేరింది.

ఉద్యోగం మానేసి సెమినరీ హాస్టల్లో మూడేళ్లు ఉండి చదివే దారి ఆమెకు లేదు. నర్సు ఉద్యోగం వదిలితే ఇఖామా ఉండదు, ఇంటికి పంపే డబ్బు ఆగిపోతుంది, ఆ శుక్రవారపు ఆడవాళ్లకు చెప్పే మనిషి కూడా ఉండదు. ఈ మూడో కారణాన్ని బయటివాళ్లు పట్టించుకోరు కానీ, అసలు బలమైన కారణం అదే.

బెంగళూరుకు, కువైట్‌కు రెండున్నర గంటల తేడా. బెంగళూరులో రాత్రి ఏడున్నరకు మొదలయ్యే జూమ్ క్లాసు కువైట్‌లో సాయంత్రం అయిదింటికి. నైట్ డ్యూటీ ఉన్న రోజున క్లాసు అవగానే యూనిఫాం వేసుకుని బస్సెక్కాలి. లెక్చర్ల రికార్డింగులు, చదవాల్సిన అధ్యాయాలు, అసైన్‌మెంటు గడువులు అన్నీ కాలేజీ పోర్టల్లో ఉంటాయి. రాసిన వ్యాసం ముందు టర్నిటిన్‌లో పడుతుంది, ఎక్కడినుంచైనా ఎత్తి రాస్తే అక్కడే దొరికిపోతుంది. ఏటా వచ్చే లీవులో కొంత ఊళ్లో అమ్మానాన్నల దగ్గర, కొంత బెంగళూరులో కాంటాక్ట్ క్లాసులకు. పిల్లల సెలవులు, భర్త షిఫ్టులు, పరీక్షల తేదీలు ముందే కూర్చుని సర్దుకోవాలి. భర్త ఆయిల్ కంపెనీలో టెక్నీషియన్. ఆమె క్లాసులున్న సాయంత్రాలు వంట ఆయనదే.

గ్రీకు అంటే అందరికీ భయం. మొదటి పాఠంలోనే లువో, లువేయిస్, లువేయి అంటూ క్రియల పట్టిక ఎదురవుతుంది. నామవాచకాలకు మళ్లీ వేరే పట్టిక. అయితే చిన్నప్పుడు బడిలో డు, ము, వు, లు అని విభక్తులు వల్లె వేసిన తెలుగు విద్యార్థికి, మాట చివర మారితే వాక్యంలో దాని పని మారుతుందన్న సంగతి కొత్త కాదు. ఇంగ్లిష్ ఒక్కటే తెలిసిన విద్యార్థులు తడబడేది సరిగ్గా ఇక్కడే. హీబ్రూకు కువైట్ జీవితం తోడ్పడింది. ఆసుపత్రి బోర్డులు కుడి నుంచి ఎడమకు చదవడం అలవాటైన కంటికి ఆ లిపి దిశ ఇబ్బంది పెట్టలేదు. ఇల్లు, రోజు, రాజు వంటి మాటలు హీబ్రూలోనూ అరబిక్‌లోనూ దగ్గర దగ్గరగా ఉంటాయి. రోగులతో మాట్లాడి నేర్చుకున్న అరబిక్ ఆమెకు పాత నిబంధన చదవడానికి పనికొచ్చింది. పుస్తకాలు కొనలేనివాళ్లకు కేంబ్రిడ్జ్‌లోని టిండేల్ హౌస్ తయారుచేసిన స్టెప్ బైబిల్ ఉచితంగా దొరుకుతుంది. మూలభాషలో ఒక్కో పదం మీద వేలు పెడితే వ్యాకరణం కనపడుతుంది. ఒకప్పుడు ఈ సదుపాయం సెమినరీ లైబ్రరీలో కూర్చున్నవాడికి కూడా లేదు.

ఎవాంజెలికల్ వేదాంతం అంటే ఏమిటో చెప్పమంటే చాలామంది మైకు, కన్వెన్షన్, స్వస్థత కూటం గుర్తు చేసుకుంటారు. చరిత్రకారుడు డేవిడ్ బెబింగ్టన్ 1989లో రాసిన పుస్తకంలో ఎవాంజెలికల్ విశ్వాసానికి నాలుగు గుర్తులు చెప్పాడు: బైబిలుకిచ్చే అధికారం, సిలువకిచ్చే కేంద్ర స్థానం, మారుమనసు అవసరమన్న నమ్మకం, నమ్మినదాన్ని పనిలో చూపించాలన్న పట్టుదల. ఈ నాలుగోదాని మీద పెద్ద చర్చే జరిగింది. 1974 జులైలో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో బిల్లీ గ్రాహం పిలుపు మీద ప్రపంచ ఎవాంజెలికల్ మహాసభ జరిగింది. సువార్త చెప్పడమే చాలు, న్యాయం, పేదరికం మన పని కాదన్న ధోరణిని లాటిన్ అమెరికా నుంచి వచ్చిన రెనే పడీయా, సామ్యూల్ ఎస్కొబార్ అక్కడ గట్టిగా ప్రశ్నించారు. జాన్ స్టాట్ నాయకత్వంలో తయారైన లోజాన్ ఒడంబడికలో సామాజిక బాధ్యతకు ప్రత్యేకంగా ఒక భాగం చేరింది. ఖద్దామా అడిగిన ప్రశ్న వేదాంతానికి బయటిది కాదని చెప్పడానికి ఆ నర్సుకు దొరికిన మొదటి ఆధారం ఇదే.

అసలు పని హాగరు మీద రాసిన వ్యాసంలో జరిగింది. గోర్డన్ వెన్హమ్ ఆదికాండము వ్యాఖ్యానం, ఫిలిస్ ట్రిబుల్ 1984లో రాసిన టెక్స్ట్స్ ఆఫ్ టెర్రర్, రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివింది. వెన్హమ్ ఎవాంజెలికల్ పండితుడు, ట్రిబుల్ స్త్రీవాద దృష్టితో చదివిన మనిషి. ట్రిబుల్ చెప్పినవన్నీ ఆమె ఒప్పుకోలేదు. అయినా హాగరు పడిన బాధను ట్రిబుల్ కళ్లతో చూడకపోతే తన వ్యాసం పేలవంగా మిగిలేదని ఆమె గట్టి నమ్మకం. వ్యాసం మొదటి ప్రతి మీద బెంగళూరు నుంచి వచ్చిన ట్యూటర్ వ్యాఖ్య సూటిగా ఉంది: నేటి కువైట్‌కు దూకేముందు బైబిల్ తనలో తాను ఈ విషయం గురించి ఎక్కడెక్కడ మాట్లాడిందో చూపించు.

వెతికితే దారి ద్వితీయోపదేశకాండములో దొరికింది. ఇరవైమూడో అధ్యాయం పదిహేను, పదహారు వచనాలు: యజమాని నుంచి తప్పించుకుని వచ్చిన దాసుణ్ణి తిరిగి అప్పగించకూడదు, అతను కోరుకున్న చోట ఉండనివ్వాలి, బాధపెట్టకూడదు. ఇది ధర్మశాస్త్రంలోని ఆజ్ఞ. హాగరుతో దేవదూత అన్న మాట ఒక స్త్రీకి, ఒక సందర్భంలో, ఒక వాగ్దానంతో కలిపి చెప్పినది. అది పారిపోయిన ప్రతి పనిమనిషికీ వర్తించే నియమం కాదు. ఇరవయ్యొకటో అధ్యాయంలో హాగరును, కొడుకుతో సహా, ఆ ఇంటినుంచి పంపేస్తారు. ఈసారి దేవుడు వెనక్కి వెళ్లమనడు, అడవిలోనే నీటి బావి చూపిస్తాడు. బైబిలుకు అధికారం ఉందని నమ్మేవాళ్లు ఒక్క వచనం పట్టుకుని ఆగిపోకూడదు, మొత్తం లేఖనం ముందు నిలబడాలి. ఎవాంజెలికల్ వేదాంతం పట్ల గౌరవం పెరిగేది ఇలాంటి చోటనే.

ఆ వ్యాసాన్ని ఆమె ఇంగ్లిష్‌లో రాసింది. అందులోని సారాన్ని శుక్రవారం తెలుగులో చెప్పింది. దాంతోపాటు కువైట్ 2015లో తెచ్చిన 68వ నంబరు చట్టం గురించీ చెప్పింది. ఇళ్లలో పనిచేసేవాళ్లకు వారానికో రోజు సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని, ఏటా జీతంతో కూడిన నెల రోజుల సెలవు ఆ చట్టంలో ఉన్నాయి. అమలు సంగతి వేరు. కానీ తమకు హక్కుందని తెలియడమే అక్కడ కూర్చున్న కొందరికి కొత్త. రాజంపేట ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు వేదాంతంలోనూ ఉంది, చట్టంలోనూ ఉంది.

పనిలో ఉన్నవాళ్ల దగ్గరికే వేదాంత విద్యను తీసుకెళ్లాలన్న ఆలోచన ఇంటర్నెట్‌తో పుట్టలేదు. 1963లో గ్వాటెమాలాలో ప్రెస్బిటేరియన్ సెమినరీవాళ్లు ఒక చేదు నిజం గమనించారు. పల్లెల నుంచి వచ్చి చదివినవాళ్లలో చాలా కొద్దిమందే పాస్టర్లుగా మిగిలారు. పల్లెల్లో సంఘాలను నిజంగా నడుపుతున్న పెద్దలేమో పొలం, కుటుంబం వదిలి చదువుకు రాలేరు. రాల్ఫ్ వింటర్, జేమ్స్ ఎమరీ, రాస్ కిన్స్లర్ కలిసి పాఠాలనే వాళ్ల ఊళ్లకు పంపారు. ఇంట్లో చదువుకోవడం, వారానికోసారి దగ్గర్లో టీచరుతో కలవడం. ఆ పద్ధతిని థియొలాజికల్ ఎడ్యుకేషన్ బై ఎక్స్‌టెన్షన్, పొట్టిగా టీ.ఈ.ఈ. అన్నారు. 1971లో బెంగళూరులో టాఫ్టీ అనే సంస్థ దాన్ని భారతదేశానికి తెచ్చింది. మన రాష్ట్రాల్లో బ్యాంకు ఉద్యోగులు, స్కూలు టీచర్లు ఎందరో ఆ పుస్తకాలతో చదువుకున్నారు.

అయితే ఆ పాత పద్ధతిలో ఉన్న వారపు కలయిక ఇప్పటి చాలా ఆన్‌లైన్ కోర్సుల్లో లేదు. ఇది నిజమైన లోటు. హాస్టల్ మెస్సులో భోజనం దగ్గర జరిగే వాదన, చాపెల్‌లో పక్కనున్నవాడి కన్నీళ్లు చూడడం, తప్పుడు పట్టుదలలో ఉన్నప్పుడు టీచరు పక్కకు పిలిచి మందలించడం, ఇవేవీ వీడియోలో దొరకవు. పాస్టరు కావాల్సిన మనిషికి మార్కులతోపాటు స్వభావం కూడా దిద్దుకోవాలి. ఆ నర్సు ఇందుకోసం తన సంఘంలో ఒక పెద్దాయనను వెతుక్కుంది. ఆయన మలయాళీ, రిటైరైన పాస్టరు. నెలకోసారి ఆమె వ్యాసం చదివి, ఆమె కోపాన్నీ తొందరనూ కూడా ఎత్తి చూపేవారు. మంచి సెమినరీలు ఇలాంటి స్థానిక గురువును తప్పనిసరి చేస్తాయి. అడగని సెమినరీ కన్నా అడిగేదాన్ని ఎంచుకోవడం మేలు.

ఎంపికలో ఇంకో జాగ్రత్త: డిగ్రీకి గుర్తింపు ఎక్కడిదో చూడాలి. శ్రీరాంపూర్ కాలేజీని 1818లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ స్థాపించారు. డిగ్రీలిచ్చే అధికారం 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన సన్నదుతో వచ్చింది. శ్రీరాంపూర్ సెనేట్ డిగ్రీకి ఉన్న బరువు అక్కడినుంచి వచ్చింది. ఎవాంజెలికల్ సెమినరీలకు 1970లో మొదలైన ఆసియా థియొలాజికల్ అసోసియేషన్ గుర్తింపునిస్తుంది. అమెరికా, కెనడాల్లో ఆ పని అసోసియేషన్ ఆఫ్ థియొలాజికల్ స్కూల్స్ (ఏ.టీ.ఎస్.) చేస్తుంది. ఈ మూడింటిలో ఏదో ఒకదానితో సంబంధం లేకుండా, కొన్ని నెలల్లో మాస్టర్స్, ఇంకొంత కడితే డాక్టరేటు అనే ప్రకటనలు గల్ఫ్‌లోని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. పేరు ముందు డాక్టర్ పెట్టుకోవాలన్న ఆశతో కష్టపడి సంపాదించిన దినార్లు అక్కడ పోయవద్దు.

మరో సంగతి మనసుకు కష్టం కలిగించేది. ఈ స్థాయిలో చదవడానికి తెలుగులో పుస్తకాలు బాగా తక్కువ. 1805లో మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజ్ విశాఖపట్నం వచ్చి, ఆనందరాయర్ సహాయంతో సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. 1842లో మిషనరీ హేయర్ గుంటూరు చేరారు. పురుషోత్తమ చౌదరి కీర్తనల్లో ఎంతో లోతైన వేదాంతం ఉంది. అయినా చర్చి చరిత్ర పేపర్లో లూథర్, కాల్విన్, వెస్లీ వస్తారు కానీ వీళ్లు రారు. ఆ నర్సు తనకు నచ్చిన అంశం రాసుకోవచ్చన్న వ్యాసానికి పురుషోత్తమ చౌదరినే ఎంచుకుంది. కీర్తనల పుస్తకం ఇంట్లో ఉంది. వాటి మీద పరిశోధన పుస్తకాలు కువైట్‌లో వెతికితే ఎక్కడ దొరుకుతాయి?

గల్ఫ్‌లోని తెలుగు సంఘాల పెద్దలకు ఒక విన్నపం. కన్వెన్షన్ ఖర్చులో కొంత మిగిల్చి మీ సంఘంలో చదవగల ఒకరి ఫీజు కట్టండి. ఆ ఒకరు స్త్రీ అయినా కట్టండి. చర్చిలో ఒక బీరువా నిండా మంచి వ్యాఖ్యాన గ్రంథాలు పెట్టండి. చదువుకునేవాళ్లు రాసే వ్యాసాలను తెలుగులో కూడా రాయమని అడగండి, అచ్చు వేయండి. పరీక్షలున్న నెలలో వాళ్లకు శుక్రవారం ప్రసంగం అప్పగించకండి.