బాలింత గదిలో కుంపటి

ఇంట్లో బాలింత ఉన్న అక్కచెల్లెళ్లూ, ఈ నాలుగు ముక్కలూ చదివాకే కుంపటి రాజెయ్యండి.

మాది గురజాల దగ్గర పల్లెటూరు. కిందటి ధనుర్మాసంలో మా అమ్మాయి పురిటికొచ్చింది. మా అత్తగారు ఆనవాయితీ తప్పకుండా గదిలో కుంపటి పెట్టి, సాంబ్రాణి వేసి, చలిగాలి సోకకూడదని కిటికీలకు గోనెపట్టాలు కట్టించారు. తెల్లారి చూద్దును గదా, పిల్ల తల పగిలిపోతోందంటుంది. వాంతి చేసుకుంది, నిలబడలేకపోతోంది. "దిష్టే అమ్మాయ్" అంటూ ఆవిడ ఎర్రనీళ్లు కలుపుతుంటే నేను తలుపులు బార్లా తీసి, తల్లినీ పసిగుడ్డునూ వసారాలోకి తెచ్చేశాను. వెంటనే కారు మాట్లాడుకుని నరసరావుపేట వెళ్లాం.

అక్కడ వేలికి క్లిప్పు పెడితే 98! కరోనా రోజుల్లో మనందరం చూసుకున్న క్లిప్పే. హమ్మయ్య అనుకున్నాను. కుంపటి సంగతి వినగానే డాక్టరమ్మ "ఈ అంకె నమ్మకండి" అని ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టించారు.

ఎందుకో ఆవిడే చెప్పారు. మన ఊపిరితిత్తుల్లో బుల్లి గాలిసంచులు 30 కోట్లకు పైనే ఉంటాయట. ఒక్కోదాని చుట్టూ సన్నటి రక్తనాళాలు వలలా అల్లుకుని ఉంటాయి. గాలికీ రక్తానికీ మధ్య గోడ ఎంత పల్చనంటే, ఉల్లిపొర దాని ముందు గోనెపట్టా! వంటింట్లో పోపు వాసన వీధిలోకి పోయినట్టు, ఆక్సిజన్ ఎక్కువున్న గాలిలోంచి తక్కువున్న రక్తంలోకి తనంతట తనే వెళ్తుంది. బొగ్గుపులుసు వాయువు అదే దారిన బయటికొస్తుంది. పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం, వదిలేదాంట్లో 16.

రక్తంలో ఆక్సిజన్‌ను మోసే బస్సు హిమోగ్లోబిన్. (రక్తం తక్కువున్న ఆడవాళ్లకు సీట్లే తక్కువన్నమాట.) మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లు గట్టిగా ఆ సీట్లను పట్టుకుని దిగనంటుంది. మామూలు క్లిప్పుకి సీటు నిండిందనే తెలుస్తుంది, కూర్చున్నదెవరో తెలీదు. అందుకే 98.

"పొగే లేదు గదే!" అని అత్తగారి వాదన. నిజమే, కణకణలాడే నిప్పుల్లో పొగుండదు. ఆ విషానికి రంగూ లేదు, వాసనా లేదు.

సాయంత్రానికి తల్లీబిడ్డా తేరుకున్నారు. ఇప్పుడు పసివాడికి ఉన్ని టోపీ, తల్లి ఒంటి వెచ్చదనం. కుంపటి పెరట్లో ఉంది. దాని మీదే అత్తగారు స్నానానికి నీళ్లు కాస్తున్నారు, నాతో మాత్రం ఇంకా మాట్లాడ్డం లేదు.