మనసుకు గీటురాయి

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు పేరు పొందిన ఊరు. అక్కడ కంసాలి నగ మెరుపు చూసి నమ్మడు. గీటురాయి మీద గీస్తాడు, అనుమానమొస్తే కరిగిస్తాడు. బంగారాన్ని నిప్పు పరీక్షించినట్టు మన హృదయాలను ప్రభువు పరీక్షిస్తాడని సామెతలు 17:3 చెబుతున్నది.

హాస్టల్లో జ్వరమొచ్చి పడుకున్న చిన్న తరగతి తమ్ముడికి అన్నం తీసుకపోయి ఇస్తాము. వాడి మీద ప్రేమతోనా, వార్డెన్ సారు మెచ్చుకోవాలనా? మన నడత మన కంటికి ఎప్పుడూ మంచిదే, ఉద్దేశాన్ని తూచేది దేవుడని 16:2 భావం.

అందుకే "ఎవరూ చూడకపోయినా చేస్తానా?" అని నా మనసును అడుగుతాను. "చేయను" అని జవాబొచ్చినా అన్నం ఇవ్వడం మానను. వాడి ఆకలి ఆగదు కదా! ఇచ్చి, ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటాను. అట్లా చేస్తే మెల్లగా మనసే మారుతుంది. మీరూ ఈ రాత్రి ప్రార్థనకు ముందు అడిగి చూడండి.