చమురు లెక్కలు – తాళపు చెవులు

చమురు క్షేత్రమనగానే మనవారి మనస్సులో మెదలు చిత్రము ఒక్కటే: ఆకాశమునంటు ఇనుప గోపురము, చెంతనే మండుచున్న మంట, నూనె మరకల దుస్తులతో శ్రమించు కార్మికుడు. కోనసీమ వారికైతే 1995 జనవరిలో పాశర్లపూడి బావి నుండి ఎగసి 65 దినములు ఆరని మంట కూడ గుర్తుకు వచ్చును. మేము సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు చుట్టములు, స్నేహితులు "మీరక్కడ బావులు తవ్వుతారా?" అని అడుగుదురు. మేము బావులు తవ్వువారము కాము. ఆ బావులు ఏ దినమున ఎంత ఇచ్చినవో వ్రాసి పెట్టువారము. ఈ కళాశాలలో చదువుకొని, గల్ఫు తీరమందలి ఒక చమురు క్షేత్రములో ఉత్పత్తి లెక్కల విభాగమున పనిచేయుచున్న మేము, ఆ పనిలో నేర్చుకొన్న ఒక విషయమును మన విద్యార్థి సోదర సోదరీమణుల ముందుంచదలచినాము. లెక్క వ్రాయుట ఎంత ముఖ్యమో, ఆ లెక్క ఎవరు వ్రాయవచ్చునో, ఎవరు చూడవచ్చునో నిర్ణయించుట అంత ముఖ్యమన్నదే ఆ విషయము.

ముందుగా లెక్క సంగతి. భూమిలో నుండి చమురు ఒంటరిగా రాదు. నీరు, వాయువు దానితో కలిసి వచ్చును. ఈ మూడింటిని వేరు చేయు పెద్ద తొట్టిని సెపరేటరు అందురు. ప్రతి బావికిని ఒక సెపరేటరు, ఒక మీటరు పెట్టుట ఖర్చుతో కూడిన పని. కావున పెక్కు క్షేత్రములలో బావులన్నింటి చమురును ఒకే గొట్టములో కలిపి పంపుదురు. అప్పుడప్పుడు ఒక్కొక్క బావిని కొన్ని గంటలపాటు విడిగా పరీక్ష సెపరేటరునకు మళ్ళించి, అది దినమునకు ఎన్ని బ్యారెళ్ళు ఇవ్వగలదో కొలుతురు. దీనినే వెల్ టెస్టు అందురు. బ్యారెలనగా 42 అమెరికన్ గ్యాలనులు, సుమారు 159 లీటర్లు. క్షేత్రము నుండి బయటికి పోవు చమురును మాత్రము చివరి మీటరు వద్ద మిక్కిలి జాగ్రత్తగా కొలుతురు. ఆ మొత్తమును పరీక్షల ఫలితములనుబట్టి బావులకు పంచుటయే మా లెక్కలోని కీలకము.

ఒక చిన్న ఉదాహరణము చెప్పుదుము. మూడు బావుల పరీక్ష ఫలితములు వరుసగా 400, 350, 250 బ్యారెళ్ళు అనుకొందము. మొత్తము 1000. కాని చివరి మీటరు 960 మాత్రమే చూపినది. అప్పుడు ప్రతి బావి ఫలితమును 0.96తో గుణించి 384, 336, 240గా పంచుదుము. ఇప్పుడు మొదటి బావికి 400కు బదులు ఎవరో 500 అని వ్రాసినారనుకొనుడు. బయటికి పోయిన చమురు ఆ 960 బ్యారెళ్ళే. కాని పంపకము మారిపోవును. మొదటి బావికి 436, రెండవదానికి 305, మూడవదానికి 218 వచ్చును. అనగా మొదటి బావి ఖాతాలో పెరిగిన 52 బ్యారెళ్ళు ఆకాశము నుండి ఊడిపడలేదు. తక్కిన రెండు బావుల ఖాతాలనుండి తీసినవి. ఆ బావులు వేర్వేరు భాగస్వాములవైనచో ఒకరి సొమ్ము మరొకరికి పోయినట్లే. అంతేకాదు, మూడవ బావి ఉత్పత్తి పడిపోవుచున్నదని భ్రమించి ఇంజనీర్లు దానికి అనవసరపు చికిత్స చేయవచ్చును. ఒక్క అంకె మార్పునకు ఇంత శక్తి కలదు.

పూర్వము ఈ లెక్కలు పుస్తకములలో ఉండెడివి. తరువాత కంప్యూటరు పట్టికలకు మారినవి. నేడు ఈ పనికే ప్రత్యేకముగా రూపొందించిన సాఫ్ట్‌వేరు కలదు. ఉదయముననే క్షేత్రము నుండి వచ్చిన పీడనము, ఉష్ణోగ్రత, చోకు పరిమాణము, బావి ఎన్ని గంటలు పారినది, ఎందుకు ఆగినది అను వివరములను మేము దాని తెరపై నింపుదుము. ఒక దినమునకు 24 గంటలకు మించి వ్రాసిన అది ఒప్పుకొనదు. నిన్నటి అంకెకును నేటి అంకెకును మితిమీరిన తేడా ఉన్న "సరిచూసుకొనుడు" అని హెచ్చరించును. నెల ముగిసి లెక్క మూసిన పిదప ఆ పుటకు తాళము పడును. ఎవరు, ఎప్పుడు, ఏ అంకెను ఏ విధముగ మార్చినదియు ఒక చిట్టాలో నమోదగును. అంకె అసంభవమా కాదా అన్నది యంత్రము చెప్పగలదు. కాని సంభవమైన అబద్ధమును అది పట్టజాలదు. అందుచేత మనుష్యులకు అధికారములు పంచవలసి వచ్చినది.

ఈ పంపకము సులభముగా బోధపడుటకు మన పల్లెల చరిత్ర చాలును. గ్రామములో భూమి లెక్కలు కరణము చేతిలో, తెలంగాణమున పట్వారీ చేతిలో ఉండెడివి. 1984లో ఆ వ్యవస్థ రద్దగు వరకు పహాణీ వ్రాయువాడు, దానిని తన యింట దాచువాడు, అడిగినవారికి చూపువాడు లేక చూపనివాడు చాలచోట్ల ఒక్కడే. పట్వారీలందరు చెడ్డవారని మేము చెప్పబోము. మంచివాడైన పట్వారీ ఉన్న ఊరిలో కూడ రైతు భద్రత ఆయన మంచితనముపైననే ఆధారపడి ఉండెనుగాని, ఏర్పాటుపై కాదు. లోపము అచ్చటనే ఉన్నది. మా సాఫ్ట్‌వేరులో వ్రాయువాడు ఒకడు, సరిచూచువాడు మరొకడు, ఆమోదించు అధికారి వేరొకరు. కేవలము చదువుకొనుటకు అనుమతి గలవారు కొందరు. పేర్లు చేర్చి తీసివేయు నిర్వాహకుడు ఉన్నాడుగాని, ఆయన బావుల అంకెలను ముట్టరాదు. ఎవరి పనికి ఎంత అవసరమో అంత అధికారమే ఇవ్వవలెనను సూత్రమును 1975లో జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు తమ ప్రసిద్ధ వ్యాసములో స్పష్టముగ చెప్పియుండిరి.

సూత్రము చదువుట వేరు, దాని విలువ తెలియుట వేరు. మేము మొదట పనిచేసిన ఒక కార్యాలయములో ఏడుగురమును ఒకే పేరుతో, ఒకే రహస్య పదముతో సాఫ్ట్‌వేరును తెరచెడివారము. ఆ రహస్య పదము తెర అంచున ఒక చీటీపై అతికించి ఉండెను. అట్లు చేయుడని పైనుండి వచ్చిన ఆజ్ఞ అది. వేర్వేరు పేర్లకు ఖర్చగునని కారణము చెప్పినారు. ఒక నెల చివర, సరిచూచిన తరువాత, ఒక బావి పరీక్ష అంకె మారిపోయినట్లు బయటపడినది. చిట్టా తీసి చూడగా మార్చిన గంట, నిమిషము స్పష్టముగ ఉన్నవి. మార్చినవాని పేరు వద్ద మాత్రము మా అందరి ఉమ్మడి పేరు ఉన్నది. అనుమానము అందరికన్న కొత్తగా వచ్చిన మిత్రునిపై పడినది. అతడు కరీంనగరు ప్రాంతమువాడు, మితభాషి. విచారణ ముగియు వరకు అతని సెలవు ఆపివేసినారు. ఇంటివద్ద చెల్లెలి పెండ్లి అన్న లేకుండనే జరిగిపోయినది. "నేను కాదు" అను రెండు మాటలు తప్ప అతని వద్ద సాక్ష్యమేమియు లేదు. మా వద్దను లేదు; మేమందరమును అనుమానితులమే కదా!

అతనిని కాపాడినది ఎంతో ఖరీదు గల ఆ సాఫ్ట్‌వేరు కాదు. గేటు వద్ద కావలివాని పుస్తకము. లోనికి వచ్చినవాడు, బయటికి పోయినవాడు తన పేరు, గంట వ్రాసి సంతకము చేయవలెను. అంకె మారిన సమయమునకు రెండు గంటల ముందే మా మిత్రుడు కార్యాలయము విడిచి పోయినట్లు అందులో ఉన్నది. ఆ కార్యాలయపు యంత్రముల నుండి తప్ప సాఫ్ట్‌వేరు తెరచుటకు వీలులేదు. మూడు వారముల పిదప అతడు నిర్దోషి అని తేలినది. అంకెను మార్చినదెవరో నేటివరకు తేలలేదు. ఆనాడు మాకు తెలిసివచ్చిన సత్యమిది: వేరు పేరు, వేరు తాళపుచెవి దొంగను పట్టుటకు మాత్రమే కాదు, నిర్దోషికి అదియే రక్షణ.

తరువాత ప్రతివారికిని వేరు పేరు వచ్చినది. అందరు సంతోషించినారనుకొనరాదు. "ఏం భాయ్, పదిహేనేండ్ల సర్వీసు ఉన్న నా మీద కూడా నమ్మకం లేదా?" అని ఒక పెద్దాయన నొచ్చుకొన్నారు. "మీ మీద నమ్మకముంది కాబట్టే, ఇంకొకరు చేసిన పని మీ పేరు మీద పడకూడదని అంటున్నాము చాచా" అని మేము చెప్పినాము. ఆయన కొంతసేపు ఆలోచించి, చీటీ తామే చించివేసినారు.

పేర్లు ఇచ్చుటతో పని తీరదు. తీసివేయుట అంతకన్న కష్టము. కొత్తవాడు చేరినప్పుడు పని నడవదు కనుక అనుమతికై అందరు తొందరపడుదురు. వెళ్ళిపోయినవాని అనుమతి రద్దుచేయుటకు తొందరపడువారు ఎవరు? మేము అనుమతుల పట్టికను మొదటిసారి ఒక్కొక్క పేరు చదువుచు సరిచూడగా, ఉద్యోగము మాని స్వదేశమునకు పోయినవారి పేర్లు కనబడినవి. విభాగము మారినను పాత అధికారము వదలనివారి పేర్లు కనబడినవి. రెండేండ్ల క్రిందట మరణించిన ఒక సహోద్యోగి పేరు కూడ సజీవముగనే ఉన్నది. ఆ పేరు చదివి కొంతసేపు ఎవరును మాటలాడలేదు. ఇట్టివి కేవలము అశ్రద్ధ అని కొట్టివేయరాదు. 2021 మే నెలలో అమెరికాలోని కలోనియల్ పైప్‌లైను అను పెద్ద ఇంధన గొట్టము మార్గమును కొన్ని దినములు మూయవలసి వచ్చినది. దాడిచేసినవారు లోనికి వచ్చినది వాడుకలో లేని ఒక పాత ఖాతా ద్వారా అని తరువాత వెల్లడియైనది. ఆ ఖాతాకు రహస్య పదము తప్ప రెండవ కాపలా లేదు. అందుచేత మేమిప్పుడు మూడు నెలలకొకసారి పట్టికను చదివి, ప్రతి పేరునకు "ఈ అధికారము ఇంకను అవసరమా?" అని ఆ విభాగాధిపతిని అడుగుదుము. జవాబు రానిచో ఆ తలుపు మూయుదుము.

అయితే తలుపులన్నియు మూయుటయే భద్రత అనుకొనుట మరియొక ప్రమాదము. 1988 జూలై 6న ఉత్తర సముద్రములో పైపర్ ఆల్ఫా అను చమురు వేదిక పేలి 167 మంది మరణించినారు. ఆ పగలు ఒక పంపునకు చెందిన భద్రతా వాల్వును మరమ్మతుకై తీసి, ఆ స్థానమున ఒక మూత బిగించినారు. వాల్వు లేదను సంగతి కాగితముపై ఉన్నది. కాని రాత్రి బృందమునకు ఆ సంగతి తెలియలేదు. రెండవ పంపు ఆగిపోగా, వారు మొదటి పంపును నడిపింప ప్రయత్నించినారు. వ్రాసినవాడు వ్రాసినాడు; చదువవలసినవానికి అది అందలేదు. ఈ సంగతి చదివిన పిదప మేము మా పట్టికలో ఒక మార్పు కోరినాము. మా క్షేత్రములో రాత్రి బృందమువారికి బావి ఎందుకు మూసినారను వివరము చూచుటకు అనుమతి ఉండెడిది కాదు. టెలిఫోనులో అడిగి తెలుసుకొనెడివారు. అంకెలు మార్చు హక్కు వారికి అక్కరలేదు. చదువు హక్కు మాత్రము తప్పక ఉండవలెను. వ్రాయు చేతులు తక్కువగా ఉండుట, అవసరమైన కన్నులన్నింటికి అది కనబడుట, ఈ రెండింటి పొందికయే మంచి ఏర్పాటు.

మన ఇండ్లలో అమానతు అను మాట కలదు. ఒకరు నమ్మి మన వద్ద దాచిన సొమ్మును అమానతు అందురు. దానిని వాడుకొనరాదు, మరొకరికి ఇవ్వరాదు, అడిగిన దినమున ఉన్నదున్నట్లు అప్పగించవలెను. తెరపై మన పేరు, మన రహస్య పదము అట్టి అమానతులే. విద్యార్థి మిత్రులారా, మీలో అనేకులు రేపు బ్యాంకులలో, ఆసుపత్రులలో, రెవెన్యూ కార్యాలయములలో, మావలె దూరదేశములలో ఇట్టి తెరల ముందు కూర్చుందురు. పని తొందరలో ఏ మిత్రుడో "నీ పేరుతో ఒక్కసారి తెరువు" అని అడుగును. మొగమాటమునకు లొంగవలదు. ఎవరైన ఉమ్మడి పేరు ఇచ్చినచో నా పేరు నాకు ఇయ్యుడని వినయముగా, గట్టిగా అడుగుడు. అట్లు అడుగుట స్నేహమునకు లోటు కాదు. స్నేహితునిపై నింద పడకుండ చూచుటయే.