సగంలో ఆపిన ఫైనల్

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసిమ్మని వార్డెన్ మేడమ్ కబురు పంపగానే మా ఏడుగురికీ ఒకటే సంగతి గుర్తొచ్చింది. ఫోన్లో మాట్లాడుకుని, తలో ముక్క చెప్పుకుని, చేతిరాత బాగున్న ఒకరి చేత రాయించాం. అందుకే ఇందులో 'నేను' అనే మాట లేదు, 'మేము' అనే ఉంటుంది. మేము 2023-24లో నర్సీపట్నంలోని మన వసతిగృహంలో ఉండి పదో తరగతి చదివిన వాళ్లం. నీళ్ల ట్యాంకు పక్క గది మాది. ఇప్పుడు ఆ గదిలో ఉంటున్న చెల్లెళ్లకు కిటికీ రెక్క మీద మేకుతో గీసిన గీతలు కనిపించే ఉంటాయి. లెక్కపెడితే ఇరవై ఆరు. అవి ఎందుకు గీశామో ఇందులోనే తెలుస్తుంది.

మాకు ఫుట్‌బాల్ ఎవరూ నేర్పలేదు. సాయంత్రమైతే బడి మైదానం క్రికెట్ ఆడే మగపిల్లలది. మేము గట్టు మీద కూర్చుని చూడొచ్చు, తుప్పల్లో పడిన బంతి వెతికి ఇవ్వొచ్చు, అంతే. మాకు మిగిలింది హాస్టల్ ఆవరణలో బట్టలుతికే బండకీ వేపచెట్టుకీ మధ్య ఉన్న జాగా. పాత వాలీబాల్ ఒకటి ఉండేది. పొద్దున్న గాలి కొడితే సాయంత్రానికి మెత్తబడిపోయేది. ఒక వైపు గోల్‌కు రెండు ఇటుకలు, రెండో వైపుకు రెండు బకెట్లు. చున్నీలు నడుముకు బిగించి ఆడేవాళ్లం. ఏడుగురమే కాబట్టి జట్టుకు ముగ్గురు, రెండు జట్లకూ ఒకే గోల్ కీపర్. ఆ గోల్ కీపర్ గురించే ఈ రాత. పేరు రాయొద్దంది, రాయడం లేదు. తాండవ ఆయకట్టు కింద ఒక పల్లె వాళ్లది. ఉడుపుల రోజుల్లో గట్టు మీద నుంచి నారుకట్టలు విసురుతుంటే మడిలో నిలబడి పట్టుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటట. అందుకేనేమో, బంతి ఎటు కొట్టినా ఆమె చేతుల్లోకే వెళ్లేది.

ఆ ఏడు ఆగస్టులో ఒక ఆదివారం, మన హాస్టల్లోనే చదివి విశాఖలో వ్యాయామ విద్య చదువుతున్న అక్క ఒకామె వచ్చింది. మేము ఆడే తీరు చూసి కాసేపు నవ్వింది. తర్వాత మేడమ్ దగ్గర అనుమతి తీసుకుని, తన లాప్‌టాప్ తెచ్చి మా గదిలో ట్రంకు పెట్టె మీద పెట్టింది. "ఇది జూన్ 3న జరిగిపోయిన ఆట. ఎవరు గెలిచారో నాకు తెలుసు. మీకు చెప్పను" అంది.

అది విమెన్స్ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. యూరప్ దేశాల లీగుల్లో ముందు నిలిచిన క్లబ్బుల ఆడవాళ్ల జట్లకు ఏటా జరిగే పోటీ. ఇది 2001-02లో యూఈఎఫ్ఏ విమెన్స్ కప్ అనే పేరుతో మొదలైంది. 2002లో జరిగిన మొదటి ఫైనల్లో జర్మనీ జట్టు ఫ్రాంక్‌ఫర్ట్, స్వీడన్ జట్టు ఉమెయో మీద 2-0తో గెలిచింది. 2009-10 నుంచి ఇప్పటి పేరు వచ్చింది. ఫ్రాన్స్‌లోని లియోన్ ఒక్కటే 2022 నాటికి ఎనిమిదిసార్లు గెలిచింది. ఈ ఫైనల్ మామూలుగా మే నెలలోనో జూన్ మొదట్లోనో వస్తుంది. అప్పుడు మన హాస్టళ్లకు తాళాలు. ఆ వేళకు మాలో కొందరం జీడితోటల్లో పిక్కలు ఏరుతుంటాం. అక్క అలా దాచి తేకపోతే మేమెవరమూ చూసేవాళ్లం కాదు.

ఆట మొదలయ్యే ముందు అక్క ఇంకో మాట చెప్పింది. ఇంగ్లండ్‌లో 1921 డిసెంబరులో అక్కడి ఫుట్‌బాల్ సంఘం, తమ క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్లు ఆడకూడదని నిషేధం పెట్టిందట. 50 ఏళ్ల దాకా అది పోలేదు. జర్మనీలో కూడా 1955 నుంచి 1970 దాకా అలాంటి నిషేధమే ఉండేదట. మేము పెద్దగా ఆశ్చర్యపోలేదు. మన బడి మైదానానికి అలాంటి కాగితం కూడా అక్కర్లేదు కదా అనుకున్నాం.

2023 ఫైనల్ నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవన్ ఊళ్లో జరిగింది. బార్సిలోనాకూ, జర్మనీ జట్టు వోల్ఫ్స్‌బర్గ్‌కూ మధ్య. చూసే జనం 33 వేలకు పైనే. మా ఏడుగురం బార్సిలోనా వైపు చేరిపోయాం. కారణం చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది, వాళ్ల చొక్కాల రంగు నచ్చింది. తర్వాత అక్క ఒక మంచి కారణం కూడా ఇచ్చింది. 2019 ఫైనల్లో ఇదే బార్సిలోనా లియోన్ చేతిలో మొదటి అరగంటలోనే నాలుగు గోల్స్ తిని 1-4తో ఓడిందట. 2021లో చెల్సీని 4-0తో కొట్టి మొదటిసారి కప్పు తెచ్చుకుని, 2022లో మళ్లీ లియోన్ చేతిలోనే 1-3తో పోగొట్టుకుందట.

మూడో నిమిషంలోనే వోల్ఫ్స్‌బర్గ్ గోల్ కొట్టింది. కొట్టినామె ఎవా పయోర్, పోలండ్ అమ్మాయి. 37వ నిమిషంలో అలెగ్జాండ్రా పాప్ తలతో రెండోది కొట్టింది. 0-2. గదిలో ఎవరూ మాట్లాడలేదు. మా గోల్ కీపర్ మాత్రం బార్సిలోనా గోల్ కీపర్ సాండ్రా పన్యోస్ ముఖాన్నే చూస్తోంది. బంతి అవతలి వైపు ఉన్నప్పుడు కూడా, "ఆమె ఏం చేస్తోందో చూపించరేం?" అని విసుక్కుంటోంది.

సరిగ్గా హాఫ్ టైమ్ దగ్గర కింద నుంచి కమాటి కేక వేసింది, గోల్ కీపర్ వాళ్ల నాన్న వచ్చాడని. ఆయన వరండాలో కండువా చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "వాళ్లమ్మ గట్టు మీద జారి పడిపోనాది మేడమ్ గారూ. కాలు కదపనేకపోతంది. ఇంటికాడ మనిషి నేదు. నాలుగు దినాలు పంపండి" అన్నాడు. మేడమ్ పంపకుండా ఎలా ఉంటారు? గోల్ కీపర్ సంచిలో రెండు జతలు పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "నేనొచ్చేదాకా మిగతాది చూడకండే" అంది. మేము చూడం అన్నాం. అక్క లాప్‌టాప్ మూసేసింది. వెళ్లేటప్పుడు ఆటను పెన్‌డ్రైవ్‌లో వేసి మేడమ్ చేతికిచ్చి వెళ్లింది.

నాలుగు రోజులు అయ్యాయి. వారం అయింది. కిటికీ మీద రోజుకో గీత గీయడం మొదలుపెట్టాం. ఇటుకల మధ్య తలో రోజూ నిలబడ్డాం. ఒక్కరికీ చేత కాలేదు. ఆరో తరగతి చెల్లెలు ఒకామె తాను గోల్ కీపర్‌గా ఉంటానంటే, ఆ అమ్మాయి బాగానే పడుతుందని తెలిసి కూడా వద్దన్నాం. ఆమె ట్రంకు పెట్టె ఉన్న చోట ఇంకెవరి సామానూ పెట్టనివ్వలేదు. ఆట ఫలితం కూడా మా చెవిన పడకుండా చూసుకున్నాం. క్లాసులో ఒకబ్బాయి "నాకు స్కోరు తెలుసు" అంటూ వెంటపడితే ఆరుగురం చెవులు మూసుకుని పరిగెత్తాం. పకోడీ పొట్లం కాగితంలో ఫుట్‌బాల్ బొమ్మ కనబడితే చదవకుండా నలిపి పారేశాం. (అది మగవాళ్ల ఆట బొమ్మ అయ్యుంటుందని తర్వాత అనిపించింది.)

పదిహేనో గీత దగ్గర మేడమ్ ఫోన్ చేయించారు. "ఉడుపులు అవనీండి" అని జవాబు. ఇరవయ్యో గీత దగ్గర ఇంకో మాట విన్నాం. వాళ్ల ఊరి నుంచి వచ్చే ఏడో తరగతి పిల్ల చెప్పింది, దసరా అయ్యాక సంబంధం అనుకుంటున్నారని.

ఆమె వెళ్లి నాలుగు వారాలు కావస్తుండగా ఒక ఆదివారం అక్క విశాఖ నుంచి మళ్లీ వచ్చింది. మేడమ్, అక్క, మాలో ఇద్దరం ఆటోలో ఆ ఊరు వెళ్లాం. మేము వెళ్లేసరికి గోల్ కీపర్ మడిలో ఉంది. మోకాళ్ల దాకా బురద. మమ్మల్ని చూసి నవ్వింది గానీ గట్టెక్కి రాలేదు. వరస పూర్తి చేసే వచ్చింది. చేతివేళ్ల చివర్లు నీళ్లలో నాని తెల్లగా పాలిపోయాయి.

ఇంట్లో వాళ్ల మేనత్త గట్టిగానే మాట్లాడింది. "పది సదివినా ఇదే పని, సదవకపోయినా ఇదే పని" అంది. మేడమ్ కోప్పడలేదు. పిల్లకు పదిహేనేళ్లని, పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే చట్టం ఒప్పుకోదని చెప్పారు. అప్పట్లో ఉన్న అమ్మ ఒడి డబ్బు రావాలంటే 75 శాతం హాజరు ఉండాలని, ఇప్పటికే రోజులు పోయాయని లెక్క చెప్పారు. వాళ్ల నాన్న నేల చూస్తూ కూర్చున్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఉడుపుల్లో ఒక మనిషి కూలి తగ్గితే ఆ ఇంట్లో ఏం తగ్గుతుందో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా ఇళ్లూ అలాంటివే.

చివరికి మాట్లాడింది మంచం మీద కాలికి కట్టుతో ఉన్న వాళ్లమ్మ. "రాత్రయితే ఇదే పోరు దీనికి. రెండు గోలులు కాడ ఆగిపోనాదంట కదా ఆ ఆట? ఎల్లనీండి. మిగిలిందేటో చూసుకుని సదువుకుంటాది" అంది. వాళ్ల నాన్న లేచి బయటికి వెళ్లిపోయాడు. కోపం వచ్చిందేమో అని భయపడ్డాం. ఆటో వాడితో మాట్లాడడానికి వెళ్లాడట.

వెనక్కి వచ్చే దారిలో ఆటోలో అక్కను అడిగాం, మన తెలుగువాళ్లెవరైనా యూరప్‌లో ఆడారా అని. గుగులోత్ సౌమ్య పేరు అప్పుడే మొదటిసారి విన్నాం. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా పిల్ల. 2022లో క్రొయేషియా క్లబ్బు డైనమో జాగ్రెబ్ ఆమెను తీసుకుంది. అదే ఏడాది ఆగస్టులో పంజాబ్ అమ్మాయి మనీషా కల్యాణ్ సైప్రస్ క్లబ్బు అపోలన్ తరఫున ఆడింది. ఈ ఛాంపియన్స్ లీగ్‌లో ఆడిన మొదటి భారతీయురాలు ఆమే. "తండా నుంచి జాగ్రెబ్ దాకా టిక్కెట్టు ఎంతవుతాదో" అని గోల్ కీపర్ అడిగింది. అక్కకు కూడా తెలియదు.

మర్నాడు సోమవారం స్టడీ అవర్‌లో మేడమ్ గంట సేపు ఇచ్చారు. మన హాస్టల్ చరిత్రలో స్టడీ అవర్‌లో ఆట చూసింది బహుశా మేమే. రెండో సగం మొదలవగానే గోల్ కీపర్ అడిగిన మొదటి ప్రశ్న, "ఆ గోల్ కీపరే ఉందా, మార్చీసినారా?" అని. పన్యోస్ అలాగే ఉంది. మార్చలేదు.

48వ నిమిషంలో పాత్రి గిహారో ఒకటి కొట్టింది. మేము అరవడం ఆపేలోపే, 50వ నిమిషంలో ఐతానా బొన్మతీ ఇచ్చిన బంతిని తలతో కొట్టి రెండోది కూడా ఆమే వేసింది. 2-2. వంటమ్మ గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, ఎవరికి ఏమైందో అని. 70వ నిమిషంలో వోల్ఫ్స్‌బర్గ్ వాళ్లు కంగారులో బంతిని దూరంగా కొట్టలేకపోయారు. అది ఫ్రిడోలినా రోల్ఫో ముందు పడింది. 3-2. ఈ రోల్ఫో 2021 దాకా వోల్ఫ్స్‌బర్గ్‌లోనే ఆడిన మనిషి. చివర్లో అలెక్సియా పుతెయాస్ మైదానంలోకి వచ్చింది. అంతకు ముందు ఏడాది మోకాలు దెబ్బతిని నెలల తరబడి ఆటకు దూరమైందని అక్క చెప్పింది కాబట్టి ఆమెకు చప్పట్లు కొట్టాం. ఆట అయ్యాక మా గోల్ కీపర్ పన్యోస్‌ను చూస్తూ కూర్చుంది. మిగతా వాళ్లం కప్పును చూశాం.

ఉడుపులు పూర్తయ్యేదాకా గోల్ కీపర్ ప్రతి శనివారం సాయంత్రం ఇంటికి వెళ్లి ఆదివారం రాత్రికి వచ్చేది. 2024 మార్చిలో పరీక్షలు రాశాం. ఆరుగురం పాసయ్యాం. ఆమెకు లెక్కలు పోయాయి. మే 25న బిల్బావోలో 50 వేల మంది ముందు బార్సిలోనా లియోన్‌ను 2-0తో మొదటిసారి ఓడించిన రోజుల్లో ఆమె సప్లిమెంటరీకి లెక్కలు చేసుకుంటోంది. స్కోరు మేము ఫోన్ చేసి చెబితే, "ముందు ఈ త్రికోణమితి సంగతి చెప్పండే" అంది. లెక్కలు పాసయింది. ఇంటర్‌లో చేరింది. దసరా తర్వాత సంబంధం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదని రాయాలని ఉంది గానీ, ప్రతి దసరాకూ ఎత్తుతూనే ఉన్నారు. ఆమె కాదంటూనే ఉంది.

2025 మే 24న లిస్బన్ ఫైనల్‌కు ఎవరి ఊళ్లో వాళ్లం ఉన్నాం. స్కోరు ఫోన్లో చూసుకుంటూ, గ్రూపు కాల్‌లో ఏడుగురం కూర్చున్నాం. 74వ నిమిషంలో ఆర్సెనల్ అమ్మాయి స్టీనా బ్లాక్‌స్టీనియస్ కొట్టిన ఒక్క గోల్‌తో బార్సిలోనా ఓడిపోయింది. ఆ రోజు బార్సిలోనా వైపు ఆడి ఓడిన వాళ్లలో మన పయోర్ కూడా ఉంది. 2024లో జట్టు మారి వచ్చింది పాపం. అదే నెలలో ఒక మంచి కబురు కూడా విన్నాం. ఈస్ట్ బెంగాల్‌తో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచిన సౌమ్యకు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆ ఏటి ఉత్తమ క్రీడాకారిణి అవార్డు ఇచ్చింది. గోల్ కీపర్ ఆ ఫోటోను వాళ్లమ్మకు చూపించిందట. "ఈ పిల్లేనా టిక్కెట్టు పిల్ల?" అని అడిగిందట ఆవిడ.

పూర్వ విద్యార్థులకు ఒక మనవి. వేపచెట్టు కింద ఇప్పుడు ఆడుతున్న పిల్లలకు గాలి నిలిచే ఫుట్‌బాల్ ఒకటి కావాలి. మేము ఏడుగురం కలిసి ఒకటి కొని పంపుతున్నాం. రెండోది ఉంటే బాగుంటుంది. గ్లౌజులు కూడా, చిన్న సైజువి. అప్పట్లో మేము వద్దన్న ఆరో తరగతి చెల్లెలే ఇటుకల మధ్య నిలబడుతోందని విన్నాం. ఆమెకు మా తరఫున సారీ చెప్పండి.

పెన్‌డ్రైవ్ ఆఫీసు బీరువాలో, హాజరు పట్టీల పక్కన ఉంటుంది. చూడాలనుకున్న చెల్లెళ్లు మేడమ్‌ను అడిగి చూడొచ్చు. స్కోరు మాత్రం పైన రాసేశాం.