భావాన్ని పట్టి చూపే ఇంగ్లీషు నామవాచకాలు

ఇంగ్లీషులో భావాల మధ్య సన్నని తేడాలను నామవాచకాలు చక్కగా పట్టిస్తాయి. దుఃఖాన్నే తీసుకుంటే, ఆప్తులు పోతే కలిగేది గ్రీఫ్. చేసిన తప్పు మనసును తొలిచేస్తే రిమోర్స్. ఆశ పూర్తిగా అడుగంటితే డిస్పెయిర్. అన్నిటికీ శాడ్‌నెస్ అనేస్తే ఈ తేడాలన్నీ చెరిగిపోతాయి.

ఇలాంటి మాటలను అక్షరక్రమంలో బట్టీ పట్టడం కన్నా, భావాల వారీగా గుంపులు కట్టి నేర్చుకోవడం మేలు. వైద్యుడైన పీటర్ మార్క్ రోజే 1852లో వెలువరించిన థెసారస్ (పర్యాయపద కోశం) కూర్పు ఇలాంటిదే.

రెండో దారి ధాతువులది. 1949లో వచ్చిన నార్మన్ లూయిస్ పుస్తకం 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ' దీన్ని బాగా వాడుకుంది. లాటిన్‌లో 'బెనె' అంటే 'బాగా' అని తెలిస్తే బెనిఫాక్టర్ (మేలు చేసినవాడు), బెనెవొలెన్స్ (పరుల మేలు కోరే గుణం), బెనెడిక్షన్ (ఆశీర్వచనం) ఒకేసారి పట్టుబడతాయి.

మూడోది జతపదాలు. హోప్‌కు గ్లిమర్, రేజ్‌కు ఫిట్, కాన్షన్స్‌కు పాంగ్ తోడుగా వస్తాయి. మాటను దాని జతతోనే గుర్తుపెట్టుకోవాలి.

నిఘంటువులో అర్థం చూసి ఆగిపోకండి. నేర్చుకున్న మాటను ఆ రోజే సొంత వాక్యంలో వాడండి. వాడిన మాటే సొంతమవుతుంది.